తెరకు అటుపక్క మేము

మా ఇంటికి ఏ సినిమా మిషన్ కొనాలో తేల్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఆయన నలుగురిలో ఈ కథ చెప్పాల్సి వచ్చినప్పుడల్లా "ఇద్దరం కలిసి జూసి తెచ్చినం" అంటాడు. అది ఆయన మంచితనం. నిజం వేరు. ఆ రోజు కామారెడ్డిలో ఆయన ఒక మిషన్ మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీయించి ఇంకోదాని మీద వేయించాను. నా తప్పును ఆయన మంచితనం కింద దాచుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. ఎల్లారెడ్డిలో అప్పటికి టీవీలు ఒకటో రెండో ఉండేవి. వాటిలో బొమ్మ కంటే చుక్కలే ఎక్కువ కనిపించేవి. ఇంట్లో సినిమా చూడాలని ఎవరికైనా పిచ్చి పుడితే, జాతరల్లోనూ పెళ్లిళ్లలోనూ చిన్న రీళ్లు వేసి తిప్పే మిషన్ తెచ్చుకోవలసిందే. ఆ పిచ్చి నాకు పుట్టలేదు. నాకు పుట్టిన పిచ్చి వేరు. దానికి మా ఆయన కనిపెట్టిన మందు ఇది.

నేను పుట్టి పెరిగింది కామారెడ్డిలో, రైల్వే గేటు దగ్గర. మా అమ్మ బుర్ఖా వేసుకుని, నన్నొక చేత, మా అక్కనొక చేత పట్టుకుని మధ్యాహ్నం ఆటకు తీసుకుపోయేది. ఆడవాళ్ల బెంచీల్లో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చూసేది. పొద్దుగూకే లోపు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. అందులో తప్పేముందో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మా నాన్న అయితే కథ అడిగి మరీ చెప్పించుకునేవాడు.

పెళ్లయి ఎల్లారెడ్డి వచ్చాను. మావి రెండు వైపులా ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు. ఉర్దూ మాకు పెళ్లి పత్రికలకూ, దూరపు చుట్టాలకూ, బాగా కోపం వచ్చినప్పుడూ పనికొచ్చేది. అత్తగారిది దూదేకి పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో నాలుగు గోడల వాకిలి. దుకాణంలో దూదేకే విల్లు పొద్దంతా టంగు టంగుమని మోగేది. దూది పోగులు గాలిలో తేలి వచ్చి కూరలో పడేవి. దూదితో నాకు పేచీ లేదు. పేచీ అంతా గడపతోనే. ఆ ఇంటి ఆడవాళ్లు ఆస్పత్రికి పోయేవాళ్లు, పెళ్లికి పోయేవాళ్లు, చావుకు పోయేవాళ్లు. ఈ మూడూ కాకుండా పోవడానికి ఇంకేముంటుందని మా అత్తమ్మ ఉద్దేశం.

మా అత్తమ్మ అరిచే మనిషి కాదు. అరిచే మనిషైతే నేనూ అరిచి తేల్చుకునేదాన్ని. ఆమె మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున కూర్చుందంటే సాయంత్రానికి బొంత కుట్టి మడతపెట్టేది. మధ్యలో నేనేదైనా అడిగితే నోట్లో దారం తీయకుండా తల అడ్డంగా ఊపేది. అంతే, విషయం ముగిసినట్టు. ఒకసారి ధైర్యం చేసుకుని అడిగాను, బస్టాండు పక్క టాకీసులో ఆడవాళ్లకు వేరే దారి ఉందట, ఒక్క మధ్యాహ్నం పోయొద్దామా అని. ఆమె దారం తీసింది ఈసారి. "మన ఇంటి ఆడోళ్లు టాకీసు మెట్లెక్కలే బిడ్డా. నేనూ ఎక్కలే" అంది. కోపంగా కాదు, నెమ్మదిగానే అంది. ఆ నెమ్మది చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

రెండేళ్లు అట్లా గడిచాయి. మూడో ఏడు దసరా సెలవులకు మా అక్క పిల్లలతో పుట్టింటికి వచ్చిందని తెలిసీ నేను పోలేకపోయాను. ఇంట్లో ఏవో పెళ్లి పరుపుల పని. ఆ రోజు మధ్యాహ్నం మా గదిలో మా ఆయనతో చెప్పేశాను.

"నాకీడ ఊపిరాడ్తలేదు. కామారెడ్డిల దుకాణం పెట్టుకుందాం. నేను అత్తమ్మను ఒక్క మాట అన్న. నన్ను ఆమె ఒక్క మాట అన్లే. అయినా నేనీడ ఉండలేను."

"ఒక్క మాట అన్నవా? ఏమన్నవ్?" అన్నాడు ఆయన. అసలు సంగతి వదిలి దీన్ని పట్టుకున్నాడు. మగవాళ్లకు ఇదొక విద్య.

"టాకీసుకు పోదామన్న."

నాలుగు రోజులు ఆయన తల ఎత్తకుండా దూదేకాడు. అమ్మకు ఒక్కగానొక్క కొడుకు. తండ్రికి నడుం పట్టేసి దూదేకడం మానేసి అప్పటికే ఏడాది. ఆయన పోతే దుకాణం పోతుంది, ఆ ఇద్దరూ ఉంటారు. ఇదంతా నాకు తెలియక కాదు. తెలిసే అడిగాను. అడిగినందుకు సిగ్గుపడ్డాను కూడా. కానీ సిగ్గుపడితే ఊపిరి ఆడదు కదా.

ఐదో రోజు ఆయన ముఖం వెలిగిపోతూ వచ్చాడు. "సినిమానే ఇంటికి తెస్తే?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనడిగింది సినిమానా? ఆకలవుతుందంటే విస్తరాకు తెచ్చి ముందు పెట్టినట్టుంది. కానీ ఆయన ముఖం చూశాక గట్టిగా కొట్టిపారేయలేకపోయాను. వారానికో ఆట మన వాకిట్లోనే వేద్దామన్నాడు, వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలుద్దామన్నాడు, ఇల్లు నిండుతుంది, నలుగురు ముఖాలు కనిపిస్తాయి అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నేను ఆగాను. నలుగురి ముఖాలు చూసి నిజంగానే చాలా రోజులైంది. సరే, చూద్దాం, ఎండలు ముదిరేలోపు నా మనసు కుదుటపడకపోతే కామారెడ్డి పోదాం అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఈ ఒప్పందం మా ఇద్దరి మధ్యనే అనుకున్నాను.

అత్తమ్మను అడగడం ఆయన వంతు. ఆమె బొంత కుడుతూనే అంతా విని, దారం తెంపి అంది. "టాకీసు టాకీసే, ఇల్లు ఇల్లే. మొగోళ్లు ఇటు, మేము అటు. నడుమ గుడ్డ ఉండాలె. ఒక్కపారి జూస్త. ఆడోళ్లు కూసుని చూసే తీరుగ లేకుంటే ఆ మిషిన్ తెల్లారి ఈ ఇంట్ల ఉండొద్దు."

ఇందులో వింతేమీ లేదు. మా వాడకట్టులో పెళ్లికి బొమ్మ వేస్తే అట్లాగే వేసేవాళ్లు. మధ్యలో తెర కట్టి, మిషన్ ఉన్న పక్క మగవాళ్లు, వెనక పక్క ఆడవాళ్లు. బొమ్మ గుడ్డలోంచి ఇటు కూడా కనిపిస్తుంది. తిరగేసి కనిపిస్తుంది, అంతే. వెనక నుంచి చూడటం కొత్తేమీ కాదు మా ఆడవాళ్లకు. కామారెడ్డిలో బెంచీ మీద కూర్చుని ముందు నుంచి చూసిన నాకే అది కొత్త. ఆ సంగతి నాకే తట్టలేదు.

మిషన్ కోసం కామారెడ్డి బస్సెక్కాం. పుట్టింటికి పోతున్నామని చెప్పి బయల్దేరాం. అబద్ధమూ కాదు, మా అమ్మ దగ్గర అన్నం తిన్నాం. తర్వాత మా ఆయన నన్ను రెండు చోట్లకు తీసుకుపోయాడు. మొదటిది ఒక అద్దె ఇల్లు. రెండు గదులు, ముందు గదికి రోడ్డు మీదికి కిటికీ. నేను ఆ కిటికీ దగ్గర నిలబడి ఆటోలు, సైకిళ్లు, కూరగాయల బండి, ఎవరో ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని పోవడం చూశాను. ఇంటామెతో నెలాఖరుకు చెబుతామన్నాడు మా ఆయన. మాట తప్పే మనిషి కాదని నాకు ఇంకోసారి అర్థమైంది. అది చూసి సంతోషించాలి కదా, నేను కిటికీ వదిలి బయటికి వచ్చేశాను.

రెండో చోటు బజారు వెనక ఒక పెద్దమనిషి ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి ఆటలు వేసిన మనిషట. దోమకొండ దాకా, ఇటు మహమ్మద్‌నగర్ దాకా ఆయన మిషన్ పోని జాతర లేదట. వీడియోలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. ఉన్న మూడు మిషన్లూ అమ్మేస్తున్నాడు. బల్ల మీద మూడింటినీ వరుసగా పెట్టి, తలుపులు మూసి, గోనెపట్టాలు కట్టి గది చీకటి చేశాడు. ఎదురుగా కొత్తగా సున్నం వేసిన గోడ. మమ్మల్ని మిషన్ పక్కన రెండు స్టూళ్ల మీద కూర్చోబెట్టాడు.

మొదటిది ఇనుప మిషన్. ఇద్దరు మోస్తే గానీ కదలదు. మీట నొక్కగానే గది అదిరింది. బల్బు వేడికి దుమ్ము కాలిన వాసన వచ్చింది. బొమ్మ మాత్రం గోడ మీద పట్టపగల్లా పడింది. మా ఆయన మురిసిపోయాడు. "ఇదీ మిషినంటే" అని దాని మీద చెయ్యి వేశాడు. వేసి, కాలి, తీసి, మళ్లీ వేశాడు.

"ఆ మోతల మాటలెట్ల వినవడ్తయి?" అన్నాను నేను. "మామకు అసలే తలనొప్పి. పక్కింటోళ్లు కూడా రైలొచ్చిందనుకుంటరు."

రెండోదాని బెల్టు జారుతోంది. మనుషులు నడుస్తూ నడుస్తూ ఎగిరి పడుతున్నారు. పెద్దమనిషే సిగ్గుపడి ఆపేశాడు.

మూడోది బూడిద రంగు పెట్టె. మూత వేస్తే ఊరెళ్లే మనిషి చేతిలో పెట్టెలా ఉంటుంది. తిప్పితే కుట్టుమిషన్ అంత చప్పుడు కూడా లేదు. బొమ్మ మొదటిదాని అంత జిగేలుమనలేదు గానీ కళ్లకు చల్లగా, నీట్‌గా ఉంది. ఒక ముసలామె ముఖం మీద ముడతలు కూడా లెక్కపెట్టవచ్చు. నా మనసు దాని మీదే పడిపోయింది.

"పెద్దదానికి బలమెక్కువ బిడ్డా, చిన్నదానికి నాజూకెక్కువ" అన్నాడు పెద్దమనిషి. "ఎంతమంది జూస్తరు?"

"ఇరవై మంది" అన్నాను.

"తెర ముంగట ఎంత దూరం కూసుంటరు?"

ఆ మాట ఆయన స్పష్టంగానే అన్నాడు. తెర ముందు అన్నాడు. మా ఆయన వాకిలి కొలత చెప్పాడు, నేను తలూపాను. "అట్లయితె చిన్నదే సరిపోతది" అన్నాడాయన. మా ఆయన ఇనుప మిషన్ వైపు ఆశగా చూస్తుంటే ఆ చెయ్యి తీయించి పెట్టె మీద వేయించాను. నేను తెలివైనదాన్నని ఆ రోజు సాయంత్రం బస్సులో ఎల్లారెడ్డి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. పెట్టెను ఒళ్లో నుంచి దించలేదు.

ఇక తెర. అది మా ఇంటి పని కాబట్టి మా ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. పరుపు పని వాళ్లకు మంచి గుడ్డ అంటే ఒకటే లెక్క. లోపలి దూది పోగు ఒక్కటి కూడా బయటికి రాకూడదు. గుడ్డను ఎండకు ఎత్తిపట్టి, ఎండ చుక్క కనిపించకపోతేనే అది సరుకు. ఆయన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మందపు తెల్లగుడ్డ తీసి, రెండు పొరలు వేసి, అంచులు మడిచి, జంట కుట్టు వేశాడు. ఎత్తిపట్టి ఎండకు చూశాడు. చుక్క లేదు. "ఎట్లుంది?" అన్నాడు. "శానా మంచిగుంది" అన్నాను నేను. మామ కూడా వేళ్ల మధ్య నలిపి చూసి మెచ్చుకున్నాడు. మా ఇంట్లో ఒక్కరికీ ఆ గుడ్డలో తప్పు కనిపించలేదు.

చలికాలం. ఆరున్నరకే చీకటి పడింది. బస్సులో మూడు రీళ్ల డబ్బాలు వచ్చాయి, ఏదో హిందీ బొమ్మ. తప్పిపోయిన కొడుకు, వెతికే తల్లి, అటువంటి కథ. వాకిలి మధ్యలో తెర కట్టాం. దుకాణం వైపు మగవాళ్లు పది మంది, మామ ముందు వరుసలో కుర్చీలో. ఇంటి వైపు మేము. వాడకట్టు ఆడవాళ్లు ఇరవై మందికి పైనే వచ్చారు. చాపలు, బొంతలు పరిచాను. వచ్చిన ప్రతి ముఖాన్నీ కరువుతీరా చూశాను. అత్తమ్మ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇంక మొదలుపెట్టమను" అని నేనే అటు కబురు పంపాను.

మిషన్ తిరిగింది. అటుపక్క నుంచి "ఓహో" అని మామ గొంతు, "ఏం బొమ్మరా భాయ్!" అని ఇంకెవరిదో. చప్పట్లు కూడా కొట్టారు.

ఇటు ఏమీ లేదు.

ఏమీ లేదని కాదు. గుడ్డ మీద పాలు ఒలికినట్టు ఏదో తెల్లటి మసక. అది కాసేపు కదిలి, కాసేపు ఆగింది. మనిషో చెట్టో తెలియదు. మాటలు మాత్రం చక్కగా, ఒక్క అక్షరం పోకుండా వినిపిస్తున్నాయి. నాజూకు మిషన్ కదా. చీకట్లో ఇరవై మంది ఆడవాళ్లం కూర్చుని గుడ్డను చూస్తూ రేడియో విన్నట్టు విన్నాం. ఎవరో చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. పక్కింటామె మర్యాదకు "మెల్లగ వస్తదేమో" అంది.

అప్పుడు వెలిగింది నాకు. కామారెడ్డిలో స్టూలు మీద కూర్చుని గోడను చూసి మిషన్ ఎంచాను. మగవాళ్ల పక్క కూర్చుని ఎంచాను. నేను కూర్చోబోయేది ఎక్కడో నాకు గుర్తే లేదు. ఆ ఇనుప మిషన్ అయితే ఈ గుడ్డలోంచి కూడా కొంత వెలుతురు తోసేదేమో. మా ఆయన చెయ్యి తీయించింది నేనే కదా. గుడ్డను మెచ్చుకుందీ నేనే.

మా ఆయన తెర పక్క నుంచి తల పెట్టి చూశాడు. ముఖం పాలిపోయింది. పోయి మిషన్ ముందుకు జరిపాడు. మసక చిన్నదైంది, కొంచెం తెల్లబడింది, మసక మసకగానే ఉంది. 

నాకు కామారెడ్డి కిటికీ కళ్ల ముందు కనిపించింది. ఇంక సరే, దారి దానంతటదే తెరుచుకుంది, తెల్లారి మిషన్ పోతుంది, నెలాఖరుకు మేమూ పోతాం. నేను కోరుకున్నదే. మరి ఏడుపెందుకొస్తోంది? చీకట్లో ఎవరికీ కనిపించదని ధైర్యంగా ఏడ్చాను. వచ్చినవాళ్ల ముందు సిగ్గు కొంత, నా తెలివి మీద కోపం కొంత. ఇంకా ఏదో ఉంది, దానికి పేరు పెట్టలేకపోయాను.

వెనక కదలిక వినిపించింది. అత్తమ్మ లేచింది.

"మిషిన్ ఆపుమను" అంది.

అయిపోయింది అనుకున్నాను. ఆపమని నేనే అటు కేకేశాను. లైటు వేశారు. అత్తమ్మ తెర దగ్గరికి పోయి గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుంది. ఎంత మందమో చూసింది. కొడుకుని ఏమీ అనలేదు. "గిది పరుపు గుడ్డ గద రా. దీన్లకెల్లి దూదే రాదు, బొమ్మెట్ల వస్తది?" అని తనలో తానే అన్నట్టు అంది. 

లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఆమె తెల్ల చాదర్లు రెండు ఉన్నాయి. బయటికి పోయినప్పుడు తలనుంచి కప్పుకునే చాదర్లు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి ఉల్లిపొరలా పలచబడ్డవి. రెండింటినీ అంచుకు అంచు చేర్చి చాప మీద పరిచింది. దబ్బనం కాదు, సన్నసూది తీసింది. "లైటు ఇటు పట్టు" అంది నాతో. నేను కంట్లో నీళ్లు తుడుచుకునే సందు కూడా లేకుండా లైటు పట్టుకుని నిలబడ్డాను. మూర పొడుగు కుట్లు, తాత్కాలికానికి వేసే కుట్లు. ఆమె చెయ్యి అంత వేగంగా పోవడం అంతకుముందు నేను చూడలేదు. పక్కింటామె ఇంకో చివర నుంచి కుట్టుకుంటూ వచ్చింది. ఇద్దరూ మధ్యలో కలిశారు.

మా ఆయన వచ్చి మందపు తెర దించి చాదర్లు కట్టాడు. "ఇంక వెయ్యనా?" అన్నాడు.

"ఆగు." అత్తమ్మ బకెట్‌తో నీళ్లు తెచ్చింది. చెంబుతో ముంచి పైనుంచి కిందికి కుమ్మరించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చాదర్లు బరువెక్కి సాగి నిలబడ్డాయి. "తడిగుడ్డలకెల్లి మనిషి కనవడ్తడు. బావికాడ చీరెలు పిండేటోళ్లకు ఎవ్వలన్న చెప్పాల్నా? ఇగ వెయ్యి."

లైటు తీశారు. మిషన్ తిరిగింది.

నిండా బొమ్మ. తల్లి, కొడుకు, రైలు, రైలు కిటికీలో పిల్లాడి ముఖం, అన్నీ. మధ్యలో బల్బు వెలుగు ఒక తెల్లమచ్చలా తగులుతోంది గానీ దాన్ని ఎవరు లెక్కచేస్తారు? మా పక్క నుంచి లేచిన కేకకు దుకాణం తలుపులు అదిరాయి. నా గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. నేను నిలబడే ఉన్నాను, ఆర్పిన లైటు పట్టుకునే ఉన్నాను. కూర్చోవాలన్న సంగతి కూడా మరిచిపోయాను.

అటు నుంచి మామ గొంతు. "ఏమే! ఇటు మసకైంది! మంచిగున్నదాన్ని ఖరాబు జేస్తిరి!"

నిజమే. నీళ్లు పోసిన గుడ్డ వెలుతురునంతా మాకే పంపేస్తోంది, వాళ్లకు తక్కువ మిగులుస్తోంది. అత్తమ్మ కూర్చున్న చోటు నుంచే జవాబు చెప్పింది. "ఒక్క దినం మీరు మసకల చూడుండ్రి. ఏం పోదు."

ఆడవాళ్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మామ కూడా గొణుగుతూ గొణుగుతూ నవ్వడం వినిపించింది.

ఇంకో గొడవ కూడా అయింది. బొమ్మలో పిల్లాడికి ఎవరో దయగల మనిషి అన్నం పెడతాడు, తనూ తింటాడు. ఎడమచేత్తో తింటాడు. అత్తమ్మ నోరు వెళ్లబెట్టింది. "చూడు, ఎడమచేత్తో తింటుండు! ఆయినె పెద్దమనిషేనా?" అంది. వెనక నుంచి బొమ్మ తిరగేసి వస్తుందని నేను చెప్పాను. నమ్మలేదు. "ఏమండీ, ఏ చేత్తో తింటుండు?" అని అటు కేకేసింది. "కుడిచేత్తోనే" అన్నాడు మామ. "మీకు మసకల కనవడ్తలేదు" అంది ఆమె. ఆ మనిషి మంచివాడని తేలడానికి ఇంకో రీలు పట్టింది, అప్పుడు గానీ ఆమె క్షమించలేదు.

చాదర్లు ఆరిపోతున్న కొద్దీ బొమ్మ వెలిసిపోయేది. ప్రతి పావుగంటకు ఆమె లేచి, బొమ్మకు అడ్డం రాకుండా వంగి తెర దగ్గరికి పోయి, నీళ్లు చల్లి వచ్చేది. ఒకసారి కొంచెం గట్టిగా చల్లింది, అటుపక్క ముందు వరుస తడిసింది. మామ ఈసారి ఉర్దూలో మాట్లాడాడు. రెండో రీలు అయిపోయి మూడోది ఎక్కించేలోపు నేను పోయి ఆమె చేతిలోంచి చెంబు తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. చీకట్లో నా దగ్గరికి ముఖం తెచ్చింది.

"కనవడ్తుందా?"

"కనవడ్తుంది అత్తమ్మా."

"మంచిగ కనవడ్తుందా?"

"శానా మంచిగ."

 చెంబు అంచును కొంగుతో తుడిచింది. తడి లేని చోట కూడా తుడిచింది.

"మీ అర్రకూ నా అర్రకూ నడుమ ఉన్నది రేకే గద బిడ్డా. నాకు చెవులు లెవ్వా?" అంది. "దసరానాడే విన్న. మీరు కామారెడ్డి పోయి ఇల్లు చూసి వచ్చిన దినం గూడ నాకు ఎర్కే. ఇటు బొమ్మ పడకపోయేసరికి నా పానం పోయినట్టయింది. ఇగ మా పిల్ల పోతది అనుకున్న."

 మూడేళ్లు ఆ ఇంట్లో భయపడుతూ బతికింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపినప్పుడల్లా నాకు ఆమె మీద కోపం వచ్చేది. ఆమె మూడు నెలలుగా రేకు అవతల పడుకుని నేను ఎప్పుడు పోతానో అని లెక్కబెట్టుకుంటోందని నాకేం తెలుసు? తెలిసి ఉంటే ఒక్కసారైనా ఆమె ముఖం సరిగా చూసేదాన్ని.

"ఇల్లు చూసుడు బందు వెట్టుమని చెప్పనా వానికి?" అంది అత్తమ్మ. గొంతు చాలా చిన్నది చేసింది. అడుక్కున్నట్టు కాదు. అయినా నాకు అట్లాగే వినిపించింది.

"చెప్పుండ్రి" అన్నాను. "నేను గూడ చెప్త."

ఆమె "హమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదిలింది. అంత పెద్ద ఊపిరి ఆమెలో ఎన్నాళ్లుగా ఉందో. నాకూ అంతే పెద్దది బయటికి వచ్చింది. మూడో రీలు మొదలైంది. ఆమె చెంబు నా చేతిలో పెట్టి, నేను కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని, కళ్లు తెర మీదే పెట్టి చెప్పింది.

"ఎల్లుండి మీ అమ్మ దగ్గరికి ఇద్దరం పోదాం. చాదరు లేదు నాకు, నీ బుర్ఖాలల్ల ఒకటియ్యి. ఇగ నీళ్లు చల్లు, ఆరిపోతుంది."